పిన్ని పంటికి రింగ్ ఫ్లాష్

మార్చి 3, మంగళవారం

మూడో క్యాప్ కూడా వెనక్కి వచ్చింది.

పార్సిల్‌లో కాదు, పిన్ని నోట్లో. క్లినిక్ తలుపు తోసుకుని, నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, రిసెప్షన్ దగ్గర కూడా ఆగకుండా వెనక గదిలో ఉన్న నా ల్యాబ్‌కి వచ్చేసింది. రుమాలు తీసి పెదవి పైకెత్తింది. పైవరసలో ముందు పంటికి తొడిగిన పింగాణీ క్యాప్ ఒక్కటే ట్యూబ్‌లైట్‌లా వెలుగుతోంది.

నిన్న మధ్యాహ్నం డాక్టరమ్మ పెట్టినప్పుడు అది అచ్చం పక్క పన్నులాగే ఉంది. ఒట్టు. నేను చూశాను, డాక్టరమ్మ చూసింది, పిన్ని కూడా అద్దంలో చూసుకుని శభాష్ అంది. ఇంటికెళ్లి టీ తాగి, సాయంత్రం మళ్లీ అద్దం చూసుకునేసరికి తెల్లగా, వేరుగా, ఎవరో అతికించినట్టు. మొదటి రెండూ ఇంతే. క్లినిక్‌లో బుద్ధిగా ఉంటాయి, ఇంటికెళ్లగానే వేషాలు మొదలుపెడతాయి.

నా వృత్తే పళ్లు చేయడం. పింగాణీ పొడి, సన్న కుంచె, ఫర్నేస్, నేను. బస్సులో ఎదుటి సీటు మనిషి నవ్వితే, అందులో నేను చేసిన పన్ను ఉంటే ఇట్టే పట్టేస్తాను. ఎవరూ అడగకపోయినా పక్కవాళ్లకి చెబుతాను కూడా. అలాంటిది సొంత పిన్నికి ఒక్క పన్ను రంగు కుదర్చలేకపోయానంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?

ఈ నెల 27న పిన్ని పెళ్లి. యాభై రెండేళ్లకి. రిజిస్ట్రార్ ఆఫీసులో రెండు సంతకాలు, అంతే. పెళ్లికొడుకు లైబ్రరీలో పనిచేస్తాడు. ఒకరోజు రీడింగ్ హాల్లో పిన్ని పగలబడి నవ్వుతుంటే నెమ్మదిగా ఉండమని చెప్పడానికి లేచొచ్చాడట. వచ్చి, తనూ నవ్వడం మొదలుపెట్టాడట. ఆయనకి బండి నడపడం రాదు కాబట్టి వెనక కూర్చోబెట్టుకుని తిప్పుదామని పిన్ని స్కూటర్ నేర్చుకోబోయింది. గేటుకి గుద్ది ముందు పన్ను సగం విరగ్గొట్టుకుంది. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు గానీ, ఆవిడకి మా గేటే దొరికింది.

అప్పట్నుంచి పిన్ని నవ్వడం లేదు. నవ్వొస్తే రుమాలు అడ్డం పెట్టుకుంటుంది, లేదా గదిలోంచి వెళ్లిపోతుంది. వీధి చివర దాకా వినిపించే నవ్వు మా ఇంట్లో ఆగిపోయింది. ఇవాళ వెళ్తూ వెళ్తూ తేల్చి చెప్పింది. ఈ పన్ను కుదిరేదాకా సంతకం పెట్టనట. ఆయన ఏం చూసి మనసుపడ్డాడో అది లేకుండా తను ఆ గుమ్మం ఎక్కదట.

మార్చి 4

దోషం వెలుతురుది. రాత్రంతా ఆలోచించి తేల్చాను.

మేం రంగు ఎంచేది ఎలా? డాక్టరమ్మ తన పనంతా చేశాక నన్ను పిలుస్తుంది. నేను నమూనా పళ్ల వరుస పట్టుకెళ్లి, ఒక్కొక్కటీ పక్క పన్ను పక్కన పెట్టి, ఫోన్‌తో ఫోటో తీసుకుంటాను. ఒకసారి కిటికీ ఎండ, ఒకసారి కుర్చీ మీది దీపం, ఒకసారి రెండూ. అలా తీస్తే రంగేం నిలుస్తుంది?

బీరువాలో డాక్టరమ్మ ఎప్పుడో కొన్న కెమెరా, క్లోజప్ లెన్స్ మూలుగుతున్నాయి. వాడరు. ఎందుకంటే లెన్స్ పొడుగ్గా పంటి దగ్గరికి వెళ్తుంది, కెమెరా నెత్తిన ఉన్న ఫ్లాష్ వెలిగితే ఆ లెన్స్ నీడే నోట్లో పడుతుంది. దానికి విరుగుడు రింగ్ ఫ్లాష్. లెన్స్ చుట్టూ గాజులా తొడగాలి. ప్రతిసారీ ఒకే వెలుతురు, నీడ ఉండదు.

డాక్టరమ్మని అడిగాను. అసలే మొరాయిస్తున్న ఫర్నేస్‌కి రిపేరు ఖర్చు నడుస్తోంది, చవగ్గా దొరికితే కొనుక్కో అంది. బ్రాండ్ వస్తువు ధర చూసి ఫోన్ బోర్లా పెట్టేశాను.

మార్చి 4, సాయంత్రం

దొరికింది! చవక! ఐదు నక్షత్రాలు! ఆర్డర్ పెట్టేశాను.

మార్చి 7, శనివారం

అది ఫ్లాష్ కాదు.

డబ్బా మీద పెద్దక్షరాలతో ఫ్లాష్ అని ఉంది. లోపల చూస్తే చిన్న చిన్న బల్బుల చక్రం. స్విచ్ వేస్తే వెలుగుతుంది, అలాగే వెలుగుతూ కూర్చుంటుంది. అంత దగ్గర్నుంచి పంటిని ఫోటో తీయాలంటే చటుక్కున మెరిసే బలమైన వెలుగు కావాలి. ఇది మినుకు మినుకు. తీసిన ఫోటోల్లో పిన్ని పళ్లన్నీ పొగమంచులో ఉన్నట్టున్నాయి. నక్షత్రాలిచ్చిన వాళ్లంతా దాన్ని సెల్ఫీలకి వాడుతున్నారని ఇప్పుడు చదివాను. ముందు చదవాలి కదా. చదవను. నా బుద్ధి అంతే.

పిన్ని దాన్ని తన అద్దానికి తగిలించేసుకుంది. కాటుకకి బ్రహ్మాండంగా ఉందట. నా మీద జాలిపడి ఆ మాట అందేమో తెలియదు. అనేటప్పుడు కూడా నోటికి రుమాలు తీయలేదు.

మార్చి 9

అమ్మ రోజుకొకసారి అడుగుతోంది, నా చెల్లెలి పెళ్లి నీ చేతుల్లో ఉందటగా అని. సాయం చేయకపోతే పోనీ, పుండు మీద కారం చల్లకపోతే ఏం!

ఆడలేనమ్మ మద్దెల ఓడు అందని కూడా అంది. నేను వెలుతురు మీద నేరం మోపుతున్నానట.

మార్చి 11, బుధవారం

ఈ రోజు పేజీ నిండా రాస్తాను. ఎవరూ ఆపలేరు.

పాత సామాన్ల ప్రకటనల్లో రింగ్ ఫ్లాష్ అని కనబడింది. అసలుసిసలు ఫ్లాష్, పేరులేని కంపెనీది, వాడినది. ధర కూడా మామూలు మనిషి కొనగలిగేలా ఉంది. ఫోన్ చేస్తే ఆయన ముందు అడిగిన ప్రశ్న, దేన్ని ఫోటో తీస్తావమ్మా అని. పన్ను అన్నాను. పన్నా అని రెండుసార్లు అడిగాడు. తర్వాత, సరే, అదీ ప్రాణమున్నదే కదా రండి అన్నాడు.

కాలేజీలో జువాలజీ చెబుతాడు. వీధిలో అడిగితే పురుగుల మాస్టారి ఇల్లా అని చెయ్యి చూపించారు. వరండా నిండా కుండీలు. ఆకుల మీద ఒక్క మందు చుక్క పడనివ్వడట, పురుగులు అలుగుతాయని. గోడల నిండా ఆయన తీసిన ఫోటోలు, తూనీగ కళ్లు, చీమ మూతి, సాలీడు మోకాళ్లు. ఈ మధ్యే లెన్స్‌కి రెండు పక్కలా చేతుల్లా చాచే ఫ్లాష్ కొన్నాడట, అందుకే పాతదానికి సంబంధం చూస్తున్నాడట. సంబంధం అనే అన్నాడు. నన్ను అలాగే ఎగాదిగా చూశాడు కూడా.

మా లెన్స్‌కి ఆ ఫ్లాష్ పట్టలేదు. నా ప్రాణం ఉసూరుమంది. ఆయన మాత్రం లోపలికెళ్లి బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. దాన్నిండా ఫ్లాష్‌ని లెన్స్‌కి కలిపే ఇనప చుట్లు, ఒక్కోటీ ఒక్కో కొలత. చెప్పుల షాపులోలాగా ఒకటి తొడగడం, బిగువు అనడం, ఇంకోటి తొడగడం, వదులు అనడం. చివరికొకటి కిర్రుమని పట్టింది. ఇద్దరం ఒకేసారి ఆఁ అన్నాం.

పనిచేస్తుందో లేదో చూపిస్తానని కుండీ కిందనుంచి నత్తని తెచ్చి, నాలుగు నీటి చుక్కలు చల్లి బల్ల మీద పెట్టాడు. ఫట్‌మని మెరిసింది. కెమెరా వెనక తెరలో నత్త గుల్ల మీద గీతలన్నీ, గోధుమరంగు, తేనెరంగు, ఎంత ముద్దుగా ఉందో! నేను కూడా ఒకటి తీస్తానని కెమెరా అందుకుంటే తొందరపెట్టేశాడు. తడి ఆరకముందే తియ్యమ్మా, ఆరిందంటే పాలిపోతుంది, తర్వాత ఎన్ని దీపాలు పెట్టినా దాని రంగు నీకు దొరకదు అని. ఒక నత్త కోసం ఇంత హడావుడా అని లోపల నవ్వుకున్నాను.

బేరం ఆడబోతే ఆయనే తగ్గించాడు. ఒక్కటే షరతు. పని పూర్తయ్యాక మంచి ఫోటో ఒకటి తెచ్చి చూపించాలి. ఆయన ఫ్లాష్ ఏ ఇంట్లో కాపురం చేస్తోందో తెలియాలట.

ఇంటికొచ్చేదాకా సంచిని ఒళ్లోనే పెట్టుకున్నాను.

మార్చి 13, శుక్రవారం

నాకు పట్టరాని సంతోషంగా ఉంది.

పిన్ని కుర్చీలో కూర్చోగానే ఫ్లాష్ వెలుగుతుందో లేదోనని పెదవి ఎత్తించి ఊరికే ఒక ఫోటో కొట్టి చూశాను. వెలిగింది. డాక్టరమ్మ పాత క్యాప్ తీసింది, దూది కుక్కింది, గాలి కొట్టింది, అచ్చు తీసుకుంది, తన పనంతా చేసుకుంది. తర్వాత నేను. ఫట్, ఫట్, ఫట్. మొదట ప్రతి పంటి మీదా తెల్లటి సున్నా పడింది. కాస్త పక్కకి వంచి తీస్తే పోయింది. అబ్బ, ఏం ఫోటోలు! పంటి అంచున ఉండే నీలి ఛాయ, చిగుళ్ల దగ్గర పసుపు, మధ్యలో వెంట్రుకంత పగులు. పద్నాలుగేళ్లుగా నేను కళ్లకి గంతలు కట్టుకుని పనిచేశానన్నమాట.

ఈసారి గురి తప్పదు. రంగు కుదిరి తీరుతుంది.

మార్చి 17, మంగళవారం, మధ్యాహ్నం

కుదిరింది! కుదిరింది! డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. పిన్ని రుమాలు తీసి బ్యాగులో పెట్టుకుంది. మెట్ల మీద చిన్నగా నవ్వింది కూడా, రిహార్సల్‌లాగా.

అదే రోజు, ఆరున్నర

పిన్ని ఫోటో పంపింది.

ట్యూబ్‌లైట్.

మార్చి 18

ఇవాళ ఏ పనీ ముట్టుకోలేదు. ఫర్నేస్‌ని కూడా తిట్టలేదు.

మార్చి 19, గురువారం

కాబోయే బాబాయ్ ల్యాబ్‌కి వచ్చాడు. ఇక్కడ కూడా లైబ్రరీలో ఉన్నట్టు గుసగుసగానే మాట్లాడాడు. పిన్ని పెళ్లి వాయిదా వేద్దామందట. ఎప్పటికి అని అడిగితే గోడకేసి తిరిగి కూర్చుందట. ఆయనకి పన్ను ఏ రంగైనా ఒకటేనట. ఊడిపోయినా ఒకటేనట. కానీ ఆ మాట అంటే పిన్నికి ఇంకా కోపం వస్తోందట, నా బాధ మీకు చులకనా అని.

అందుకని ఒక ఉపాయం ఆలోచించుకుని వచ్చాడు. తన ముందు పంటికి కూడా అలాంటి తెల్లటి క్యాపే తొడిగెయ్యమన్నాడు. ఇద్దరికీ ఉంటే తను ఒంటరిది కాదు కదమ్మా, జోడీగా ఉంటాం అని.

శుభ్రంగా ఉన్న పన్నుని అరగదీయించుకోవడానికి వచ్చాడు, మహానుభావుడు! నేను ఆయన్ని కసిరాను. కసురుతూ ఏడ్చేశాను. ఆయన కంగారుపడి తన రుమాలు ఇచ్చాడు. మా ఇంట్లో ఈ నెల రుమాళ్ల ఖర్చు బాగా పెరిగింది.

ఇప్పుడు ఇంకో సంగతి. ఈయన కోసమైనా ఆ పన్ను చేసి తీరాలి.

మార్చి 20, శుక్రవారం, ఉదయం

ఆగు. ఆగు.

కెమెరాలో ఫోటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. పోయిన శుక్రవారం నాటివి. పక్కపక్కనే రెండు పడ్డాయి. ఒకటి పిన్ని కుర్చీలో కూర్చోగానే ఊరికే కొట్టి చూసింది. రెండోది ఆఖరిది. అదే ఫ్లాష్, అదే దూరం, ఒక్క మీట కూడా మార్చలేదు. కానీ మొదటి ఫోటోలో పిన్ని పళ్లు లేత తేనెరంగు. ఆఖరి దాంట్లో సున్నం రంగు.

వెలుతురు మారలేదు. మారింది పళ్లు.

నత్త!

ఓరి దేవుడా, నత్త!

అదే రోజు, మధ్యాహ్నం

ఆధారం కావాలని నా మీదే చేసి చూసుకున్నాను. పెదాలు లాగిపట్టే ప్లాస్టిక్ క్లిప్పు పెట్టుకుని, చిగుళ్లకి దూది కుక్కుకుని, మొదట ఒక ఫోటో. తర్వాత నోరు తెరుచుకుని అలాగే కూర్చున్నాను. గడ్డం మీదుగా చొంగ కారుతోంది. సరిగ్గా అప్పుడే ఫర్నేస్ రిపేరు మనిషి తలుపు తీశాడు. చూశాడు. మెల్లిగా తలుపు వేసేసి వెళ్లిపోయాడు. మళ్లీ ఎలా పిలవాలో తెలియడం లేదు.

చివర్లో రెండో ఫోటో. నా పళ్లూ పాలిపోయాయి. గుక్కెడు నీళ్లు తాగి, చాలాసేపాగి తీస్తే మళ్లీ మామూలు.

అదీ సంగతి. నోరు తెరిచి ఉంచితే, గాలి తగిలితే, పళ్లు ఆరతాయి. ఆరితే తెల్లబడతాయి. డాక్టరమ్మ తన పనంతా అయ్యాకే నన్ను పిలుస్తుంది. అప్పటికి పిన్ని పళ్లు ఆరిపోయి ఉంటాయి. ఆ ఆరిన రంగుకే నేను పన్ను చేస్తాను. అది తగిలించేటప్పుడు కూడా పక్క పళ్లు ఆరే ఉంటాయి, అందుకే క్లినిక్‌లో భేషుగ్గా కలుస్తుంది. ఇంటికెళ్లి టీ తాగితే అసలు పళ్లకి తడి తగిలి వాటి రంగు వాటికి వచ్చేస్తుంది. పింగాణీ పన్నుకి దాహం వేయదు కదా, అది తెల్లగానే ఉండిపోతుంది.

డాక్టరమ్మకి రెండు ఫోటోలూ చూపించాను. నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది. ఇది కాలేజీలో పరీక్షకి కూడా రాశానే అంది. నేనూ రాశాను. ఇద్దరం చదివాం, ఇద్దరం మార్కులు తెచ్చుకున్నాం, ఇద్దరం మర్చిపోయాం. మిగతా పేషెంట్లకి చాలావరకు వెనక పళ్లు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాం. ఇద్దరం ఒకళ్లనొకళ్లం చూసుకుని నవ్వడం మొదలుపెడితే వెయిటింగ్ హాల్లో పేషెంట్లు భయపడ్డారట.

పిన్నికి ఫోన్ చేశాను. ఇదే ఆఖరు అంది. సరే అన్నాను.

మార్చి 21, శనివారం

పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టాం. గ్లాసుడు నీళ్లు తాగించాం. డాక్టరమ్మ చేతులు వెనక్కి కట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది, నేను తాకనే తాకను, ముందు నువ్వు అంటూ. పెదవి ఎత్తడం, ఫట్. అంతే. ఊపిరి పీల్చే లోపు అయిపోయింది.

ఇంత దానికా? ఇంత దానికే.

మార్చి 24

ఐదో పన్ను. తేనెరంగు కలుపుతుంటే మొదటిసారి భయం వేసింది, ఇంత ముదురా అని. ఫోటో చూశాను. కలిపాను.

మార్చి 25, బుధవారం

పొద్దున డాక్టరమ్మ తాత్కాలిక సిమెంటుతో అతికించింది. పిన్ని అద్దం అందుకుంది. చూసింది. మొహం మాడిపోయింది.

ఈసారి పన్ను మాసిపోయినట్టుంది! పక్క పళ్లు తెల్లగా, ఇది ఒక్కటీ ముదురుగా. అప్పుడు తెల్లటిది, ఇప్పుడు మసిది, నాతో ఆడుకుంటున్నారా మీ ఇద్దరూ అని పిన్ని లేవబోయింది. నేను భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాను. పళ్లు ఆరి ఉన్నాయి పిన్నీ, వాటి రంగు వాటికి రానీ, నీ కాళ్లు పట్టుకుంటాను అన్నాను. నిజంగానే పట్టుకోబోయాను.

ల్యాబ్‌లో కూర్చోబెట్టి అద్దం లాక్కున్నాను. నీళ్లు ఇచ్చాను. టీ ఇచ్చాను. మళ్లీ నీళ్లు. బాబాయ్ సెలవు పెట్టి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నేను పిన్ని నోటికేసి చూస్తే ఆవిడ మూసేసుకుంటోంది. గడియారం కేసి చూడ్డం తప్ప పనిలేదు. ఒకవేళ నత్త వేరు, పిన్ని వేరు అయితే?

భోజనాల వేళ దాటాక అద్దం ఇచ్చాను. పిన్ని కిటికీ దగ్గరికి వెళ్లి పెదవి ఎత్తింది. దించింది. మళ్లీ ఎత్తింది. అలా చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు వెనక్కి తిరిగి బాబాయ్‌ని పిలిచి, ఏది కట్టుడు పన్నో చెప్పుకో చూద్దాం అంది. ఆయన కళ్లజోడు సర్దుకుని, దగ్గరికొచ్చి, దూరం వెళ్లి, మళ్లీ దగ్గరికొచ్చి, అచ్చం పుస్తకం వెతుకుతున్నట్టు వెతికి, రికార్డుల్లో ఎక్కడా లేదండీ అన్నాడు.

పిన్ని నవ్వింది.

ముప్పై రెండు పళ్లూ బయటపెట్టి, పొట్ట పట్టుకుని, బల్ల మీద చెయ్యి కొడుతూ నవ్వింది. నా పింగాణీ సీసాలు గలగలమన్నాయి. రిసెప్షన్ నుంచి, వెయిటింగ్ హాల్ నుంచి తలకాయలు వచ్చాయి. ఎందుకో తెలియకుండానే వాళ్లూ నవ్వుతున్నారు. డాక్టరమ్మ చేతిలో పరికరం పట్టుకునే పరిగెత్తుకొచ్చింది, లోపల పేషెంటుని నోరు తెరిచి వదిలేసి. పళ్లు ఆరిపోతాయి వెళ్లండి అని నేనే తరిమాను.

ఇంత ఆనందం ఒక్కరోజులో పట్టదు. కొంచెం రేపటికి ఉంచుకుంటాను.

మార్చి 27, శుక్రవారం

సంతకాలు అయ్యాయి. రిజిస్ట్రార్ కొంచెం నెమ్మదిగా నవ్వమన్నాడు. బాబాయ్ ఆయనకేసి చూసి, నేనూ అలాగే చెప్పబోయానండీ ఒకప్పుడు అన్నాడు.

ఫోటో నేనే తీశాను, రింగ్ ఫ్లాష్‌తో, బాగా దగ్గర్నుంచి. పెళ్లికి అది పనికిరాదని అమ్మ గొణిగింది. పిన్ని రెండు కళ్లలో చెరో గుండ్రటి వెలుగు, కింద నోరంతా నవ్వు. అమ్మ ఒక కాపీ అడిగింది. తర్వాత ఇంకోటి అడిగింది.

ఏప్రిల్ 5, ఆదివారం

మాట ప్రకారం ఫోటో పట్టుకుని పురుగుల మాస్టారింటికి వెళ్లాం, నేనూ పిన్నీ, స్కూటర్ మీద. పిన్నే నడిపింది. ఆయన ఫోటోని తూనీగ పక్కన పెట్టి, ఇందులో నువ్వు చేసింది ఏదమ్మా అని అడిగాడు. నేను గర్వంగా వేలు పెట్టి చూపించాను.

పిన్ని పడీపడీ నవ్వింది. అది కాదట. దాని పక్కదట.